‘రివర్స్’ని ఇంగ్లిష్ వాక్యంలో ఎలా వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంటాను. ‘రివర్స్’ గురించి, దాని చుట్టాలైన రివర్ట్, రిటర్న్, బ్యాక్‌ట్రాక్ గురించి ప్రతి బ్యాచ్‌లోనూ దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. ఇంగ్లిష్ వాక్యాలను తెలుగు లిపిలోనే రాశాను. పైకి చదువుకోండి, చెవికి అలవాటవుతాయి.

రివర్స్ అనే క్రియకు అసలు అర్థం ఏమిటి?

ఒక దిక్కున పోతున్నదాన్ని సరిగ్గా ఎదురు దిక్కుకు తిప్పడం. ఆ పోయేది బండి కావచ్చు, నిర్ణయం కావచ్చు, అక్షరాల వరస కావచ్చు, చివరికి నది కూడా కావచ్చు.

నదంటే నిజం నదే. అమెరికాలో షికాగో నది ఒకప్పుడు మిషిగన్ సరస్సులో కలిసేది. ఊళ్లోని మురుగంతా నదిలోకి, నది సరస్సులోకి. ఊరికి తాగునీళ్లు కూడా ఆ సరస్సు నుంచే! చివరికి సుమారు 45 కిలోమీటర్ల కాలువ తవ్వి, 1900లో నదినే వెనక్కి మళ్లించారు. ఇప్పుడది సరస్సు నుంచి బయటికి పారుతుంది. ఈ సంగతిని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్కలో చెప్పొచ్చు: “ఇంజనీర్స్ రివర్స్ట్ ద ఫ్లో ఆఫ్ ద షికాగో రివర్.” ఎవరు తిప్పారు, తిప్పారు, దేన్ని తిప్పారు. వరస ఇంతే. నా క్లాసులో మొదటిరోజు బోర్డు మీద రాసేది ఈ వాక్యమే.

తెలుగులో రోజూ రివర్స్ అంటూనే ఉంటాం కదా, దాన్నే ఇంగ్లిష్‌లో పెట్టేస్తే సరిపోదా?

చిక్కంతా అక్కడే ఉంది. మనం ఆ మాటను తెచ్చుకుని పూర్తిగా మన ఇంటి మనిషిని చేసుకున్నాం. ఇంగ్లిష్‌వాళ్లకు తెలియని అర్థాలు దానికి నేర్పాం.

“నేను మంచికి చెబితే వాడు నా మీదే రివర్స్ అయ్యాడు” అంటాం. దీన్ని “హి రివర్స్ట్ ఆన్ మి” అని చెబితే, అవతలివాళ్లు కారు వెనక్కి వచ్చి మీ కాలు తొక్కిందేమో అనుకుంటారు. అక్కడ కావలసింది “హి టర్న్డ్ ఆన్ మి.” అలాగే “ప్లాన్ రివర్స్ కొట్టింది” అంటే బెడిసికొట్టింది అని. ఇంగ్లిష్‌లో దానికి “ద ప్లాన్ బ్యాక్‌ఫైర్డ్” అనాలి. “సీన్ రివర్స్ అయింది” అన్నచోట “ద టేబుల్స్ హావ్ టర్న్డ్.” ఇక్కడ టేబుల్ ఎందుకు తిరిగిందని అడక్కండి, సీన్ ఎందుకు రివర్స్ అయిందో మనం మాత్రం చెప్పగలమా?

ఇంకో రకం ఉంది. “రివర్స్‌లో నడుస్తున్నాడు” అంటే “హి ఈజ్ వాకింగ్ బ్యాక్‌వర్డ్స్.” “వంద నుంచి రివర్స్‌లో లెక్కపెట్టు” అంటే “కౌంట్ బ్యాక్‌వర్డ్స్ ఫ్రమ్ ఎ హండ్రెడ్.” ఈ రెండుచోట్లా రివర్స్ అవసరమే లేదు.

ఎందుకిలా? తెలుగులో రివర్స్ ఒక నామవాచకం. క్రియ పని చేసేది దాని పక్కనున్న అవ్వడం, కొట్టడం, వెయ్యడం, తియ్యడం. ఇంగ్లిష్‌లో ఆ పని రివర్సే చేసుకుంటుంది, సాయం అక్కర్లేదు. అందుకే “రివర్స్ తియ్” అన్నదాన్ని “టేక్ రివర్స్” అంటే కుదరదు. “రివర్స్ ద కార్” అనాలి. గేరు గురించే చెప్పాలనుకుంటే “పుట్ ద కార్ ఇన్ రివర్స్.”

రివర్స్ తర్వాత తప్పనిసరిగా కర్మ ఉండాలా?

బండి విషయంలో ఉన్నా లేకున్నా సరే. మిగతాచోట్ల సాధారణంగా ఉండాలి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రోజూ సాయంత్రం ఈ పాఠం ఉచితంగా జరుగుతుంది. వాచ్‌మన్ వెనకాల నిలబడి “రానీ రానీ రానీ… లెఫ్ట్ కొట్టు సార్… ఇంకొంచెం… ఆప్ ఆప్ ఆప్!” అంటాడు. మూడో ‘ఆప్’ వినపడేలోపే టప్‌మని చప్పుడు. “హి రివర్స్ట్ ద కార్ ఇంటూ ద పిల్లర్” అనొచ్చు, “హి రివర్స్ట్ ఇంటూ ద పిల్లర్” అనీ అనొచ్చు. రెండూ ఒకటే, బంపర్‌కి పడిన సొట్టా ఒకటే.

ఇక్కడ ‘ఇంటూ’ని గమనించండి. “హి రివర్స్ట్ ఇంటూ ద పార్కింగ్ స్పేస్” అంటే చక్కగా వెనక్కి తీసి లోపల పెట్టాడు. “ఇంటూ ద పిల్లర్” అంటే గుద్దాడు. విభక్తి మారలేదు, అదృష్టం మారింది.

అమెరికాలో ఉన్న మీ అల్లుడో కోడలో ఇదంతా విని నవ్వితే కంగారు పడకండి. బండి వెనక్కి తీయడాన్ని అక్కడ ఎక్కువగా “బ్యాక్ అప్” అంటారు. రివర్స్ అన్నా అర్థమవుతుంది.

నిర్ణయం, తీర్పు, వరస లాంటివాటికి కర్మ కావాలి. “ద గవర్నమెంట్ రివర్స్ట్” అని ఆపేస్తే దేన్ని అని అడుగుతారు.

“రివర్స్ బ్యాక్”, “రిటర్న్ బ్యాక్” అనొచ్చా?

వద్దు. వెనక్కి అన్న అర్థం ఆ మాటల్లోనే ఉంది. మనం “వెనక్కి తిరిగొచ్చాడు” అంటాం. రెండు మాటలున్నా మన చెవికి ఎక్కువనిపించదు. ఆ అలవాటుతోనే “హి రిటర్న్డ్ బ్యాక్” వచ్చేస్తుంది. “హి రిటర్న్డ్” చాలు, లేదా “హి కేమ్ బ్యాక్” అనండి.

మెయిల్‌లో “ప్లీజ్ రివర్ట్” అని రాస్తే తప్పా?

మన దేశంలో తప్పుగా ఎవరూ చూడరు. ఆఫీసుల్లో రివర్ట్ అంటే జవాబివ్వు అనే. డిక్షనరీలు కూడా దీన్ని ఇండియన్ ఇంగ్లిష్ వాడుకగా గుర్తించాయి. అయితే ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లలో చాలామందికి రివర్ట్ అంటే పాత స్థితికి వెళ్లిపోవడమే.

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. మొదటి ఉద్యోగంలో విదేశీ క్లయింట్ ఒకాయనకు కొటేషన్ పంపి, చివర్లో ఎంతో మర్యాదగా “ప్లీజ్ రివర్ట్ బ్యాక్ బై టుమారో” అని రాశాను. ఒక్క లైన్‌లో జవాబొచ్చింది: “రివర్ట్ టు వాట్?” పాత రేట్లకు పొమ్మంటున్నానా, పాత డిజైన్‌కా అని ఆయన టెన్షన్. నేనేమో కోపంగా అడిగారనుకుని మధ్యాహ్నం వరకు మా మేనేజర్‌కి కనపడకుండా తిరిగాను.

కాబట్టి బయటి దేశాలకు రాసేటప్పుడు “ప్లీజ్ రిప్లై బై టుమారో” అనో “ప్లీజ్ లెట్ మి నో” అనో రాయండి. మన హైదరాబాద్, విజయవాడ ఆఫీసుల మధ్య మెయిల్స్‌లో రివర్ట్ ఉంచుకున్నా నాకేం అభ్యంతరం లేదు. ‘బ్యాక్’ మాత్రం తీసేయండి.

మరి రివర్ట్‌ని అసలు అర్థంలో ఎలా వాడాలి?

‘టు’ చేర్చి. గ్యాప్ అనే బట్టల కంపెనీ 2010 అక్టోబర్‌లో కొత్త లోగో పెట్టింది. జనం ఆన్‌లైన్‌లో దుమ్మెత్తిపోశారు. వారం రోజులకే పాతదే మళ్లీ వచ్చింది. “గ్యాప్ రివర్టెడ్ టు ఇట్స్ ఓల్డ్ లోగో.” మానేశానన్న సిగరెట్ మళ్లీ పట్టినవాడి గురించైతే “హి రివర్టెడ్ టు హిజ్ ఓల్డ్ హ్యాబిట్స్.”

రివర్స్, రివర్ట్ మధ్య తేడా కూడా ఇందులోనే ఉంది. రివర్స్ తర్వాత వచ్చేది మీరు తిప్పేసిన వస్తువు. రివర్ట్ టు తర్వాత వచ్చేది మీరు వెళ్లి చేరిన పాత చోటు. “దే రివర్స్ట్ ద డెసిషన్ అండ్ రివర్టెడ్ టు ద ఓల్డ్ లోగో” అంటే రెండూ ఒకే వాక్యంలో సర్దుకుంటాయి.

సాఫ్ట్‌వేర్‌వాళ్లకు ఒక మినహాయింపు. “ఐ రివర్టెడ్ యువర్ కమిట్” అని ‘టు’ లేకుండా అంటారు, వాళ్ల లోకంలో అది సరైనదే. కోడ్‌లో మార్పుల్ని వరసగా దాచే సాధనం గిట్, అలా దాచిన ఒక్కో మార్పు కమిట్. గిట్‌లో రివర్ట్ కొడితే పాత కమిట్ చెరిగిపోదు. దాని మార్పుల్ని రద్దుచేసే కొత్త కమిట్ ఇంకొకటి పుడుతుంది.

“టర్న్ బ్యాక్”, “రిటర్న్” ఒకటే కదా?

కాదు. టర్న్ బ్యాక్ అంటే గమ్యం చేరకుండా మధ్యలోనే వెనుదిరగడం. రిటర్న్ అంటే బయల్దేరిన చోటికి రావడం, ఏ దారిన వచ్చామన్నది దానికి పట్టదు.

అంటార్కిటికా అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ 1909 జనవరి 9న దక్షిణ ధ్రువానికి ఇంకా 180 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయాడు. తిండి అయిపోతోంది. ముందుకెళ్తే ధ్రువం చేరొచ్చేమో గానీ ప్రాణాలతో రావడం కష్టం. వెనుదిరిగాడు, తనతో ఉన్న ముగ్గురినీ బతికించుకున్నాడు. “షాకిల్టన్ టర్న్డ్ బ్యాక్” అన్న రెండు ముక్కల్లో ఇదంతా ఉంది. అక్కడ “రిటర్న్డ్” అంటే వచ్చాడన్న సంగతే మిగులుతుంది, ఆ మంచులో తీసుకున్న నిర్ణయం కనపడదు.

అపోలో 13ది దీనికి తిరకాసు కథ. మనుషుల్ని చంద్రుడి మీదికి తీసుకెళ్లాల్సిన ఆ అమెరికా వ్యోమనౌక 1970 ఏప్రిల్ 11న బయల్దేరింది. రెండు రోజులకు, భూమికి మూడు లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. అక్కడికక్కడే వెనక్కి తిప్పాలంటే పెద్ద ఇంజన్ మండించాలి. పేలుడు తర్వాత దాన్ని నమ్మలేరు. అందుకని ముందుకే పోయి, చంద్రుణ్ని చుట్టి, ఏప్రిల్ 17న భూమికి దిగారు. “దే డిడ్ నాట్ టర్న్ బ్యాక్, బట్ దే రిటర్న్డ్ సేఫ్లీ.” ఈ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి వాక్యం నాకు ఇంతవరకు దొరకలేదు.

ప్రభుత్వమో కంపెనీయో నిర్ణయం మార్చుకుంటే అన్నిచోట్లా రివర్స్ వాడొచ్చా?

నిర్ణయం, విధానం అయితే వాడొచ్చు. కోకా కోలా 1985 ఏప్రిల్ 23న పాత రుచి మార్చి కొత్త కోక్ తెచ్చింది. జనం ఊరుకోలేదు. 79 రోజులకు, జులై 11న, పాత రుచిని మళ్లీ తెస్తామని చెప్పింది. “ద కంపెనీ రివర్స్ట్ ఇట్స్ డెసిషన్.” లేదా “ద కంపెనీ రివర్స్ట్ కోర్స్.” ఈ రెండోదానిలో కోర్స్ ముందు ‘ద’ గానీ ‘ఇట్స్’ గానీ పెట్టరు, అది అలా గట్టిపడిపోయిన పదబంధం.

చట్టమైతే మాట మారుతుంది. మూడు సాగు చట్టాలను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రధాని 2021 నవంబర్ 19న ప్రకటించారు, 29న పార్లమెంటు రద్దు బిల్లును ఆమోదించింది. అదే నెల 22న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూడు రాజధానుల చట్టం రద్దు బిల్లును ఆమోదించింది. చట్టాన్ని “రిపీల్” చేస్తారు. లైసెన్సును “రివోక్” చేస్తారు. పెంచిన ఛార్జీలను “రోల్ బ్యాక్” చేస్తారు. కేసునీ నామినేషన్‌నీ “విత్‌డ్రా” చేసుకుంటారు. తెలుగులో వీటన్నింటికీ “రద్దు”, “వెనక్కి తీసుకోవడం” అన్న రెండు మాటలతో నెట్టుకొస్తాం కాబట్టి ఇంగ్లిష్‌లో తడబడతాం.

క్రికెట్ చూసేవాళ్లకు ఇది తేలికగా గుర్తుంటుంది. రివ్యూలో బ్యాటర్ బతికిపోతే “ద డెసిషన్ వాజ్ ఓవర్‌టర్న్డ్” అంటారు, పైవాళ్లు తిరగదోడారని. “ద అంపైర్ రివర్స్ట్ హిజ్ డెసిషన్” అంటే వేలెత్తిన అంపైరే మార్చుకున్నాడని. అప్పుడాయన చేతులు అడ్డంగా పెట్టి కుడిచేత్తో ఎడమ భుజం, ఎడమచేత్తో కుడి భుజం తాకుతాడు చూడండి, ఆ సైగ పేరు “రివోక్.” ఒక్క వికెట్ చుట్టూ మూడు క్రియలు.

కోర్టు వార్తల్లో ‘రివర్స్’, ‘ఓవర్‌రూల్’ రెండూ కనపడతాయి. తేడా?

అదే కేసులో కింది కోర్టు తీర్పును పై కోర్టు కొట్టేస్తే రివర్స్. తర్వాత ఎప్పుడో వేరే కేసులో, పాత తీర్పు చెప్పిన సూత్రమే తప్పని తేలిస్తే ఓవర్‌రూల్.

ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్ 377 విషయంలో రెండూ జరిగాయి. పరస్పర అంగీకారంతో వయోజనుల మధ్య ఉండే స్వలింగ సంబంధాలు నేరం కాదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రివర్స్ చేసింది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2013 తీర్పును ఓవర్‌రూల్ చేసింది.

‘బ్యాక్‌ట్రాక్’ ఎప్పుడు?

మాట మార్చినప్పుడు. మన “ప్లేటు ఫిరాయించాడు”కి దగ్గర. దీనికి ‘ఆన్’ కావాలి: “ద మినిస్టర్ బ్యాక్‌ట్రాక్ట్ ఆన్ హిజ్ ప్రామిస్.” కంపెనీ రివర్స్ట్ ఇట్స్ డెసిషన్ అంటే కాస్త గౌరవంగానే ఉంటుంది. బ్యాక్‌ట్రాక్ట్ అంటే దొరికిపోయి నసుగుతున్నట్టు ఉంటుంది. పత్రికలు ఏ మాట వాడాయో చూస్తే ఎవరి పక్షమో కూడా కొంత తెలుస్తుంది.

దీని పక్కింటివాళ్లు ముగ్గురు. ఇచ్చిన మాట తప్పితే “హి వెంట్ బ్యాక్ ఆన్ హిజ్ వర్డ్.” ఒప్పుకున్న పనిలోంచి జారుకుంటే “హి బ్యాక్డ్ అవుట్.” గొడవలో తగ్గితే “హి బ్యాక్డ్ డౌన్.”

బ్యాక్‌ట్రాక్‌కి ఏ మచ్చా లేని వాడుకలూ ఉన్నాయి. కథ చెబుతూ ఏదో మర్చిపోతే “లెట్ మి బ్యాక్‌ట్రాక్ ఎ బిట్” అంటారు. పక్కన ట్యాక్సీవే లేని చిన్న ఎయిర్‌పోర్టుల్లో విమానం రన్‌వే మీదే ఎదురు దిశలో చివరిదాకా నడిచి, అక్కడ తిరిగి టేకాఫ్ తీసుకుంటుంది. దాన్నీ బ్యాక్‌ట్రాక్ అనే అంటారు.

“టేక్ ఎ యూటర్న్” అనకూడదా?

మనదేశంలో అందరూ అంటారు, యూటర్న్ “తీసుకుంటాం” కాబట్టి. బయట “మేక్ ఎ యూటర్న్” లేదా “డు ఎ యూటర్న్.”

1980 అక్టోబర్‌లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌ని ఆర్థిక విధానాలు మార్చుకోమని అందరూ ఒత్తిడి చేస్తుంటే, పార్టీ సభలో ఆమె “యు టర్న్ ఇఫ్ యు వాంట్ టు” అన్నారు. మీరు కావాలంటే తిరగండి, నేను తిరగను అని. యూటర్న్ అన్న మాటనే విరిచి విసిరారు. ఇంగ్లిష్ లిపిలో రాస్తే విడివిడిగా కనపడతాయి గానీ, తెలుగులో రాస్తే ఆ శ్లేష దాదాపు అలాగే దిగిపోతుంది.

బ్యాంకువాళ్లు “అమౌంట్ రివర్స్ అవుతుంది” అంటారు. ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

“ద ట్రాన్సాక్షన్ విల్ బి రివర్స్ట్.” ఫోన్‌లో డబ్బు కట్ అయి దుకాణానికి చేరకపోతే, ఆ లావాదేవీనే రద్దుచేసి డబ్బు తిరిగి వేస్తారు. అది రివర్సల్. దుకాణానికి చేరాక, సరుకు నచ్చక వాళ్ల దగ్గర్నుంచి తిరిగి రాబట్టుకుంటే రిఫండ్. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ రెండూ కలిపేస్తే బ్యాంకు మిమ్మల్ని దుకాణానికి, దుకాణం బ్యాంకుకి తిప్పుతుంది.

రివర్స్ ఇంకో మాట ముందు చేరి విశేషణంగా కూర్చునే వాడుకలు వేరు. జీఎస్టీలో రివర్స్ ఛార్జ్ అంటే అమ్మినవాడి బదులు కొన్నవాడే పన్ను కట్టడం. 2019లో పోలవరం పనులతో మన పత్రికల్లోకి వచ్చిన రివర్స్ టెండరింగ్‌లో వేలంపాట పైకి కాకుండా కిందికి నడుస్తుంది.

“షుగర్ రివర్స్ అవుతుంది” అన్న ప్రకటనల్లో మాట సరైనదేనా?

వ్యాకరణం వరకు “రివర్స్ డయాబెటిస్” సరైన వాక్యమే. డాక్టర్లు మాత్రం “రెమిషన్” అనడానికి ఇష్టపడతారు. 2021లో అంతర్జాతీయ నిపుణులు ఒక నిర్వచనానికి వచ్చారు: షుగర్ తగ్గించే మందులు ఆపిన తర్వాత కనీసం మూడు నెలలకు కూడా హెచ్‌బీఏ1సీ (రెండుమూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం కన్నా తక్కువుంటే రెమిషన్. రివర్స్ అంటే జబ్బు వెళ్లిపోయిందని వినపడుతుంది. రెమిషన్ అంటే అణిగి ఉంది, మళ్లీ రావచ్చు, పరీక్షలు మానొద్దు అని. అమ్మేవాడికి మొదటి మాటే ముద్దు.

ఎలా పలకాలి?

రెండో అక్షరం ‘వ’ దగ్గర ఒత్తండి. క్రియైనా నామవాచకమైనా ఒత్తు అక్కడే. చివర ‘స్’, ‘జ్’ కాదు. భూతకాలంలో రాసేటప్పుడు ‘డి’ ఉంటుంది గానీ నోట్లో ‘ట్’ పలుకుతుంది. అందుకే ఇక్కడంతా రివర్స్ట్ అని రాశాను.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్‌లో తిరగడం, తిప్పడం అన్న అర్థంలో ఉన్న ‘వెర్తెరె’ నుంచి. రివర్ట్, కన్వర్ట్, డైవర్ట్ అన్నీ ఆ ఇంటివే. పద్యానికి ఇంగ్లిష్‌లో వాడే ‘వర్స్’ కూడా. దున్నేవాడు సాలు చివరిదాకా పోయి, అక్కడ అరక తిప్పుకుని మళ్లీ కొత్త సాలు పడతాడు కదా. రాసేవాడు పంక్తి చివర తిరగడం అలాంటిదే అనుకున్నారు.

పిల్లలకు ఎలా నేర్పాలి?

చొక్కాతో మొదలుపెట్టండి. లోపలివైపు బయటికొస్తే “ఇన్‌సైడ్ అవుట్”, గుండీలు వీపు మీదికొస్తే “బ్యాక్ టు ఫ్రంట్.” మనం రెండింటినీ రివర్స్ అనేస్తాం. పిల్లలు మాత్రం తొడుక్కుని చూపించి మరీ నేర్చుకుంటారు.

తర్వాత కాగితం మీద ఒక మాట రాసి “రివర్స్ ద లెటర్స్” అనండి. ‘కమల’ రాస్తే ‘లమక’ అవుతుంది, నవ్వుతారు. రెండుమూడు మాటలయ్యాక ‘వికటకవి’ ఇవ్వండి. మా అక్క కొడుకు దాన్ని తిరగేసి, మళ్లీ తిరగేసి, పెన్సిల్ కింద పెట్టి “మామయ్యా, ఇది రివర్స్ అవట్లేదు” అన్నాడు. అవుతోందిరా, నీకు తెలియట్లేదంతే అన్నాను. “ఐ రివర్స్ట్ ఇట్, బట్ నథింగ్ చేంజ్డ్” అని వాడి చేత పలికించేసరికి పావుగంట పట్టింది.